పిక్సెల్ ఆటల వేట: ఉచితంగా దొరికే మంచి ఇండీ గేములు పట్టుకోవడం ఎలా?

ప్లే స్టోర్ తెరిచి "రెట్రో గేమ్" అని వెతికి చూడండి. వచ్చేవాటిలో చాలామటుకు ఒకే బాపతు. పైకి చుక్కల చుక్కల పాత బొమ్మలు, లోపల చచ్చిన ప్రతిసారీ ఒక ప్రకటన, రోజూ తెరిస్తే నాలుగు నాణేలు, ఆ నాణేలు చాలకపోతే కొనుక్కోమని ఒక బటన్. ఒక్కరో ఇద్దరో కూర్చుని ఇష్టంగా చేసుకున్న ఆటలు (వీటినే ఇండీ గేములంటారు), ప్రకటన అన్న మాటే లేనివి, వేలల్లో ఉన్నాయి. చాలావి పైసా అడగవు కూడా. కానీ ఆ వెతుకులాటలో అవి పైకి రావు. వాటి ప్రచారానికి డబ్బు పెట్టేవాళ్ళు లేరు మరి.

"తప్పక ఆడాల్సిన 50 గేములు" లాంటి జాబితాలూ అంతగా పనికిరావు. ఏ జాబితా చూసినా అవే పది పేర్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. నేను నమ్మే పద్ధతి వేరు. ఒక మంచి ఆట దొరికించుకోండి. అది ఎవరు చేశారు, దేంతో చేశారు, ఏ పోటీ కోసం చేశారు, సంగీతం ఎవరిది అని చూడండి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. కింద చెప్పేదంతా ఆ తీగ ఎక్కడ పట్టుకోవాలి, ఎటు లాగాలి అన్నదే.

ఒక్క మాట ముందే చెప్పుకుందాం. ఇక్కడ మాట్లాడుతున్నది పాత గేముల గురించి కాదు. టీవీకి తగిలించే "9999 ఇన్ 1" క్యాసెట్లో తిరిగిన కాంట్రా, స్కూలు కంప్యూటర్ ల్యాబులో సారు అటు తిరగ్గానే తెరిచిన డేవ్ మనకి తెలిసినవే. అవి నచ్చినవాళ్ళకి నచ్చేలా, ఆ హద్దుల్లోనే ఉండి ఇప్పటివాళ్ళు కొత్తగా చేస్తున్న ఆటల గురించి ఇది.

1. ముందు మీ దగ్గర ఉన్నదేంటో చూసుకోండి

గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆఫీసు పనికో చదువుకో కొన్న మామూలు లాప్‌టాప్, అందులో క్రోమో ఫైర్‌ఫాక్సో ఉంటే మొదటి నెలకి సరిపడా ఆటలు ఉన్నట్టే. కీబోర్డుతో మొదలుపెట్టండి. కొన్ని చవక కీబోర్డులు మూడు కీలు ఒకేసారి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాయి. పరిగెడుతూ దూకుతూ కాల్చాల్సిన ఆటలో మీ తప్పు లేకుండానే చస్తుంటే అనుమానించాల్సింది దాన్నే. అప్పుడు వైరుతో వచ్చే మామూలు యూఎస్‌బీ కంట్రోలర్ కొనుక్కుంటే చాలు, ఖరీదైనది వద్దు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. ఈ రకం ఆటల్లో ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది. స్పీకరో, వైరున్న ఇయర్‌ఫోనో వాడండి. టీవీకి తగిలిస్తే సెట్టింగుల్లో "గేమ్ మోడ్" వేయండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనంతా ఆపేసి, మీరు నొక్కింది వెంటనే చూపించడానికే ఆ మోడ్ ఉంది.

2. మొదటి ఆటలు పికో-8 లో ఆడండి

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పికో-8 దగ్గర మొదలుపెట్టండి. ఇది నిజంగా ఎక్కడా తయారు కాని గేమ్ మిషన్. జోసెఫ్ వైట్ అనే ఆయన లెక్సలాఫుల్ పేరుతో చేసిన "ఊహా కన్సోల్". అంటే, 1980ల్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉండి ఉంటే ఎలా ఉండేదో అలా నడిచే సాఫ్ట్‌వేర్. దానికి కావాలనే పెట్టిన హద్దులు చూడండి: తెర 128×128 చుక్కలు, రంగులు 16, శబ్దానికి నాలుగు చానళ్ళు, ఒక్కో ఆట "క్యాసెట్" 32 కిలోబైట్లు. మన వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అంతకంటే పెద్దదే.

తమాషా ఏంటంటే ఆ క్యాసెట్ కూడా ఒక బొమ్మే. డాట్ పీఎన్‌జీ ఫైలు. చూడ్డానికి క్యాసెట్ ఫొటోలా ఉంటుంది, ఆటంతా దాని చుక్కల రంగుల అంకెల్లో దాగి ఉంటుంది.

ఈ హద్దులు మీకెందుకు ముఖ్యమంటే, ఇంత చిన్న జాగాలో పనికిరాని సరుకు కూరడం కుదరదు. నాణేల దుకాణాలూ రోజువారీ బహుమతులూ పెట్టే చోటే లేదు. దూకడం బాగుండాలి, లేదా పజిల్ బాగుండాలి, లేదంటే ఆట లేదు. అందుకే ఇక్కడ చెత్త పాలు తక్కువ. ఉన్నా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

పికో-8 సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టాలి. అయితే అది ఆటలు తయారుచేసేవాళ్ళకి. ఆడేవాళ్ళకి లెక్సలాఫుల్ సైటులో వేల క్యాసెట్లు బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తాయి. తయారీ కూడా రుచి చూడాలనుంటే బ్రౌజర్‌లో నడిచే ఎడ్యుకేషన్ ఎడిషన్ ఉచితం. మీటలు ఎప్పుడూ అవే: బాణం గుర్తుల కీలు, జెడ్, ఎక్స్. ఒక ఆటకి నేర్చుకుంటే అన్నిటికీ నేర్చుకున్నట్టే.

ముందు సెలెస్ట్ ఆడండి. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెరీ నాలుగు రోజుల్లో చేసిన కొండెక్కే ఆట. మొత్తం 30 తెరలు. దూకడం ఒక మీట, గాల్లో ఒక్కసారి దూసుకుపోవడం ఇంకో మీట. చదవాల్సింది దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఇంగ్లీషు ఇంకా రాని పిల్లలకి కూడా ఇవ్వొచ్చు, వాళ్ళు మీకంటే ముందే శిఖరం చేరితే ఆశ్చర్యపోవద్దు. ఆ నాలుగు రోజుల పనే పెరిగి పెద్దదై 2018లో అదే పేరుతో వచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. పెద్ద ఆట డబ్బు పెట్టి కొనుక్కోవాలి, చిన్నది మాత్రం ఎప్పటికీ ఉచితం.

తర్వాత పోర్క్‌లైక్: చిన్న గళ్ళ మీద అడుగు అడుగుకీ ఆలోచించి ఆడేది. జస్ట్ వన్ బాస్: పేరులో ఉన్నట్టే ఒకే ఒక్క శత్రువు, కానీ లొంగడు. డస్క్ చైల్డ్: నిదానంగా తిరుగుతూ తలుపులు తెరుచుకునేది. పూమ్: డూమ్ (తుపాకీతో రాక్షసుల్ని కాల్చే పాత కంప్యూటర్ ఆట) లాంటి ఆటని ఈ 128 చుక్కల తెరలోకి ఎలా దింపారా అని నోరెళ్ళబెట్టడానికి. పెద్ద ఆటని ఇలా కావాలని కుదించి చేస్తే దాన్ని "డీమేక్" అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకుని వెతికితే అదో ప్రత్యేక లోకం.

ఇదే పద్ధతిలో పూర్తిగా ఉచితమైన టిక్-80 కూడా ఉంది. తెర కాస్త వెడల్పు, 240×136. ఆటల సంఖ్య, నాణ్యత రెండిట్లోనూ నా ఓటు పికో-8కే.

3. ఇచ్ డాట్ ఐఓ లో వెతకడం నేర్చుకోండి

2013లో లీఫ్ కోర్కోరన్ మొదలుపెట్టిన ఇచ్ డాట్ ఐఓ ఇండీ ఆటలకి అతిపెద్ద సంత. ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు. బలం అదే, బలహీనతా అదే. ముంగిలి పేజీ చూసి ఆడేస్తే నిరాశపడతారు. వరుసగా ఇలా చేయండి.

బ్రౌజ్‌లోకి వెళ్ళి, ధర దగ్గర "ఫ్రీ" పెట్టండి. ప్లాట్‌ఫామ్ దగ్గర "వెబ్" పెట్టండి. దీంతో డౌన్‌లోడ్ అక్కర్లేకుండా బ్రౌజర్‌లోనే నడిచేవే మిగులుతాయి. ఇక ట్యాగు. "పిక్సెల్ ఆర్ట్" ఒక్కటే పెడితే సముద్రంలో పడ్డట్టే, ఎందుకంటే అది బొమ్మ ఎలా ఉంటుందో చెబుతుంది తప్ప ఆట ఎలా ఉంటుందో చెప్పదు. దానికి జతగా ఆట రకాన్ని తగిలించండి. దూకే ఆటలకి "ప్లాట్‌ఫార్మర్". చస్తే మొదటికి రావడం, ప్రతిసారీ కొత్త చిట్టడవి కావాలంటే "రోగ్‌లైక్". 1980 నాటి రోగ్ అనే ఆట నుంచి వచ్చిన పేరది. ఒకే పెద్ద కోటలో తిరుగుతూ కొత్త శక్తి వచ్చాక పాత తలుపు దగ్గరికి వెనక్కి వెళ్ళే రకం కావాలంటే "మెట్రాయిడ్‌వేనియా". ఓడలూ తూటాల వానా అయితే "షూట్ ఎమ్ అప్". "1-బిట్" అనే ట్యాగు కూడా పెట్టి చూడండి, రెండే రంగులతో చేసినవి వస్తాయి. నా అనుభవంలో రంగులు తగ్గించుకున్నవాళ్ళు ఆట మీద ఎక్కువ శ్రద్ధ పెడతారు.

ఆట ఎంతసేపు పడుతుందో చెప్పే వడపోత కూడా ఉంది. "కొన్ని నిమిషాలు", "అరగంట" లాంటివి. లంచ్ బ్రేక్‌లో ఆడేవాళ్ళకి ఇది బంగారం. చివర్లో వరుసని "టాప్ రేటెడ్"కి మార్చి రెండు మూడు పేజీలు చూడండి. అక్కడితో ఆగొద్దు, "మోస్ట్ రీసెంట్"లో కూడా ఒకసారి తొంగి చూడండి. ఎవరూ ఆడని ఆటని ముందుగా పట్టుకోవడంలో ఒక సరదా ఉంది.

ఉచితమైనా డబ్బు అడుగుతున్నట్టు కనిపించే పేజీలు చాలా ఉంటాయి. "నేమ్ యువర్ ఓన్ ప్రైస్" అని ఉంటే కంగారు పడకండి, మీకు తోచింది ఇవ్వొచ్చు అని అర్థం. డౌన్‌లోడ్ నొక్కాక వచ్చే పెట్టెలో "నో థ్యాంక్స్, జస్ట్ టేక్ మీ టు ద డౌన్‌లోడ్స్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది నొక్కితే చాలు. నచ్చాక వెనక్కి వచ్చి ఇవ్వొచ్చు.

4. నచ్చిన ఆట వెనక మనిషిని పట్టుకోండి

అసలు పని ఇక్కడే. ఒక ఆట నచ్చింది. ఆట ముగిశాక వచ్చే పేర్లని దాటేయకండి. అందులో మూడు సంగతులు చూడండి: చేసిందెవరు, సంగీతం ఎవరిది, ఏ పరికరంతో చేశారు. ఒక్కో పేరూ ఒక్కో దారి.

నిజమైన ఉదాహరణ చూద్దాం. డెరెక్ యూ 2008లో విండోస్ కోసం స్పెలంకీ అనే ఆటని ఉచితంగా వదిలాడు. గుహలో దిగుతూ పోవడమే ఆట. ప్రతిసారీ గుహ మారుతుంది, కానీ నియమాలు మారవు. బాంబు ఎక్కడ పెట్టినా గోడ పోతుంది, దుకాణంలో వస్తువు ఎత్తుకెళితే దుకాణదారు తుపాకీతో వెంటపడతాడు. ఆ పాత రూపం ఇప్పటికీ ఉచితమే, "స్పెలంకీ క్లాసిక్" అని వెతకండి. 2012లో మెరుగులు దిద్దిన రూపం వచ్చింది, దానికి సంగీతం ఐరిక్ సూర్కె.

స్పెలంకీ చూసి స్ఫూర్తి పొందిన ఒక జపాన్ కుర్రాడు ఓజిరో ఫుమోటో. 2015లో డౌన్‌వెల్ చేశాడు. బావిలోకి పడిపోతూ, కాళ్ళకున్న తుపాకీ బూట్లతో కిందికి కాల్చుకుంటూ పోయే ఆట. తెర మీద మూడే రంగులు. ఫోన్లో ఒక చేత్తో ఆడొచ్చు. ఉచితం కాదు గానీ పెద్ద ధరేమీ కాదు. దాని సంగీతం ఎవరిదనుకున్నారు? మళ్ళీ సూర్కెదే.

2024 సెప్టెంబరులో యూఎఫ్ఓ 50 వచ్చింది. 1980ల్లో ఉండేదని ఊహించుకున్న ఒక కంపెనీ పేరు మీద, 32 రంగుల హద్దులో చేసిన 50 ఆటల పెట్టె. చేసినవాళ్ళ పేర్లు చూడండి: డెరెక్ యూ, ఓజిరో ఫుమోటో, ఐరిక్ సూర్కె, మరికొందరు. ఒక ఉచిత ఆట దగ్గర మొదలుపెట్టి పేర్లు పట్టుకుని నడిస్తే ఏ జాబితా సాయం లేకుండా ఇక్కడికి చేరొచ్చు. యూఎఫ్ఓ 50కి డబ్బు పెట్టాలి. నా మటుకు నాకు ఒకే ఒక్క రెట్రో ఆట కొనమంటే అదే కొంటాను, ఎందుకంటే అందులో ఒక ఆట నచ్చకపోతే ఇంకా 49 ఉంటాయి.

ఇలా లాగదగ్గ తీగలు ఇంకా ఉన్నాయి. జపాన్‌కే చెందిన డైసుకే అమాయా "పిక్సెల్" పేరుతో ఐదేళ్ళు ఒంటరిగా కూర్చుని కేవ్ స్టోరీ చేసి, 2004లో ఉచితంగా ఇచ్చేశాడు. కథ, బొమ్మలు, సంగీతం, కోడు, అన్నీ ఒక్కడే. అభిమానులు చేసిన ఇంగ్లీషు అనువాదంతో ఆ ఉచిత రూపం ఇప్పటికీ దొరుకుతుంది. దుకాణాల్లో "కేవ్ స్టోరీ ప్లస్" పేరుతో అమ్మేది మెరుగులు దిద్దిన రూపం, తొందరపడి ముందే అది కొనకండి. టెరీ కావనా పేరు కూడా రాసుకోండి. 2010లో వచ్చిన ఆయన ఆట వీవీవీవీవీవీ (ఆరు వీలు, లెక్కపెట్టుకోండి) లో దూకడమే ఉండదు, గురుత్వాకర్షణని తలకిందులు చేయడమే. దాని కోడుని పదేళ్ళు నిండిన సందర్భంగా 2020లో అందరికీ తెరిచిపెట్టాడు. ఆయన చేసిన చిన్న ఉచిత ఆటలు బోలెడున్నాయి. పజిళ్ళంటే ఇష్టమైతే స్టీఫెన్ లవెల్. ఆయన చేసిన పజిల్‌స్క్రిప్ట్ అనే పరికరంతో ఎవరెవరో చేసిన పెట్టెలు తోసే ఆటలు బ్రౌజర్‌లో ఉచితంగా ఉన్నాయి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటల్లా ఉండి మెదడు పిండేస్తాయి.

పరికరాన్ని పట్టుకుని వెళ్ళడం కూడా బాగా పనిచేస్తుంది. ఉదాహరణకి బిట్సీ. ఆడమ్ లెడూ చేసిన ఈ చిన్న పరికరంలో గెలవడం ఓడడం ఉండదు, మూడు రంగుల గదుల్లో తిరుగుతూ కనిపించినవాళ్ళతో మాట్లాడడమే. కథలు ఇష్టపడేవాళ్ళకి ఇది నచ్చుతుంది. తుపాకులు కావాలనేవాళ్ళు దాటేయండి.

5. గేమ్ జామ్‌ల ఫలితాలు తిరగేయండి

జామ్ అంటే గడువు పెట్టుకుని ఆట చేసే పోటీ. 2002 నుంచి నడుస్తున్న లూడమ్ డేర్‌లో ఒంటరిగా చేసేవాళ్ళకి 48 గంటలు, జట్లకి 72 గంటలు. కాలమే కాదు, కొన్ని జామ్‌లలో పరిమాణానికీ హద్దు ఉంటుంది. రెట్రో ఇష్టపడేవాళ్ళకి కావాల్సినవి ఇవే. జీబీజామ్‌లో పాత గేమ్ బాయ్ (నింటెండో కంపెనీ చేతిలో పట్టుకుని ఆడే మిషన్) లాగే 160×144 తెర, నాలుగే రంగులు. లోరెజ్‌జామ్‌లో తెర 64×64 మాత్రమే. జేఎస్13కే లో మొత్తం ఆట జిప్ చేస్తే 13 కిలోబైట్లు దాటకూడదు. ఏడు రోజుల్లో రోగ్‌లైక్ చేసే 7డీఆర్‌ఎల్ కూడా ఉంది.

జామ్ పేజీకి వెళ్ళి ఫలితాలు తెరవండి. మొత్తం మార్కుల్లో ముందున్న ఇరవై ఎలాగూ చూస్తారు. తర్వాత ఆట తీరుకి విడిగా ఇచ్చిన ర్యాంకులు చూడండి. బొమ్మలు బాగుండి పైకి వచ్చినవి చాలా ఉంటాయి, ఆడితే డొల్ల. ఆట తీరులో పై వరుసలో ఉండి, బొమ్మల్లో కిందున్నవి పట్టుకోండి. నా మటుకు మంచివన్నీ అక్కడే దొరికాయి. కొన్ని పేజీల్లో జామ్ తర్వాత సరిదిద్దిన రూపం కూడా పెడతారు, ఉంటే అదే ఆడండి. పోటీ రోజున హడావుడిగా పెట్టినదాంట్లో శబ్దాలు చెవులు పగలగొట్టొచ్చు.

6. పాత మిషన్ల కోసం చేసిన కొత్త ఆటలు

కొందరికి పోలిక చాలదు, నిజం గేమ్ బాయ్‌లో, నిజం ఎన్‌ఈఎస్‌లో (నింటెండోదే, టీవీకి తగిలించే పాత మిషన్) నడిచే ఆటే చేస్తారు. దీన్ని హోమ్‌బ్రూ అంటారు. టోబు టోబు గర్ల్ (2017) గేమ్ బాయ్ కోసం చేసిన ఉచిత ఆట, కోడు కూడా తెరిచి ఉంది. డెడియస్ (2019) గేమ్ బాయ్‌లో హారర్ కథ, మీ ఇష్టమొచ్చినంత ఇవ్వొచ్చు. పిల్లలకి ఇవ్వకండి. ఎన్‌ఈఎస్ కోసం వచ్చిన మైక్రో మేజెస్ (2019) కొనుక్కోవాలి, కానీ నలుగురు కలిసి ఆడే ఆటని మొదటి సూపర్ మారియో పట్టిన 40 కిలోబైట్లలోనే కుదించారు. ఈ రంగంలో ఆటలు పెరగడానికి ఒక కారణం 2019లో క్రిస్ మాల్ట్‌బీ ఉచితంగా వదిలిన జీబీ స్టూడియో. దాంతో కోడు రాయడం రాకపోయినా గేమ్ బాయ్ ఆట చేయొచ్చు.

వీటిని కంప్యూటర్లో ఆడాలంటే ఎమ్యులేటర్ కావాలి, అంటే పాత మిషన్‌లా నటించే సాఫ్ట్‌వేర్. గేమ్ బాయ్‌కి ఎమ్‌జీబీఏ, ఎన్‌ఈఎస్‌కి మెసెన్ చాలు. రెండూ ఉచితం. ఎమ్యులేటర్ వాడడంలో తప్పేమీ లేదు. కానీ "పది వేల రోమ్‌లు (పాత క్యాసెట్ల నకలు ఫైళ్ళు) ఒకే జిప్‌లో" అనే సైట్ల జోలికి పోవద్దు. పాత ఆటల కంపెనీ మూతపడినంత మాత్రాన హక్కులు గాలికి పోవు, పైగా ఆ జిప్‌లలో ఇంకేం చుట్టి పంపుతారో తెలీదు. చేసినవాడే తన పేజీలో ఇచ్చిన ఫైలు వాడండి.

7. ఫోన్ ఒక్కటే ఉంటే

షాటర్డ్ పిక్సెల్ డంజన్ దించుకోండి. ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క వాక్యం పాటిస్తే చాలు. వాటాబూ అనే పేరుతో ఒకాయన చేసిన పిక్సెల్ డంజన్ కోడుని తీసుకుని ఎవాన్ డెబెన్‌హామ్ 2014 నుంచి పెంచుకుంటూ వస్తున్న రోగ్‌లైక్. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ప్రకటనలు లేవు, నెట్ లేకపోయినా నడుస్తుంది. మీరు కదిలితేనే శత్రువు కదులుతాడు కాబట్టి బస్సు కుదుపుల్లోనూ ఆడొచ్చు. మొదట్లో గంటకి నాలుగుసార్లు చస్తారు. తెలియని సీసా తాగడం, తెలియని పత్రం చదవడం ఎప్పుడు చేయాలో తెలిసేసరికి ఆట మారిపోతుంది.

ప్లే స్టోర్‌లో వెతికేటప్పుడు ఆట పేరు కిందే "కంటెయిన్స్ యాడ్స్", "ఇన్-యాప్ పర్చేజెస్" అని రాసి ఉంటుంది. రెండూ ఉంటే వదిలేయండి. రెండోది ఒక్కటే ఉంటే వివరం చూడండి, కొందరు డెవలపర్లు విరాళం కోసం కూడా దాన్నే వాడతారు. కోడు తెరిచి ఉన్న యాప్‌లు మాత్రమే పెట్టే ఎఫ్-డ్రాయిడ్ అనే దుకాణం కూడా చూడండి. ఆటలు తక్కువే, కానీ నాణేలు అమ్మేవాళ్ళు ఉండరు.

కంప్యూటర్ ఉంటే ఓపెన్ సోర్స్ ఆటలు, అంటే కోడు తెరిచి ఉన్నవి, మరికొన్ని. రైళ్ళూ బస్సులూ నడిపించే ఓపెన్‌టీటీడీ, గళ్ళ మీద యుద్ధం చేసే బ్యాటిల్ ఫర్ వెస్నాత్, డూమ్ ఇంజిన్‌కి కొత్త బొమ్మలూ కొత్త మ్యాపులూ చేర్చిన ఫ్రీడూమ్. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ గురించి వినే ఉంటారు. ఆడమ్స్ సోదరులు 2006 నుంచి ఉచితంగా ఇస్తున్నారు, అక్షరాలతో గీసిన రూపంలో. 2022లో బొమ్మలున్న రూపాన్ని స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) అమ్మకానికి పెట్టారు. దాని జోలికి సెలవుల్లోనే వెళ్ళండి.

8. ఆడదగిందా కాదా, పది నిమిషాల్లో తేల్చండి

ఉచితం అనగానే ఇరవై ఆటలు దించుకుని ఏదీ ఆడకపోవడం అందరికీ ఉన్న జబ్బు. ఒక్కో ఆటకి పది నిమిషాలు ఇవ్వండి. ఆ పది నిమిషాల్లో ఇవి గమనించండి.

మొదటిది, చచ్చినప్పుడు తప్పు ఎవరిదనిపిస్తోంది? "అయ్యో, తొందరపడ్డాను" అనిపిస్తే ఆట మంచిది. "ఇదెక్కడి అన్యాయం" అని రెండుసార్లకి మించి అనిపిస్తే అది కష్టమైన ఆట కాదు, సరిగ్గా చేయని ఆట. రెండోది, చచ్చాక మళ్ళీ మొదలవడానికి ఎంతసేపు? సెలెస్ట్‌లో పడిపోయిన క్షణంలోనే అదే తెర మొదట్లో నిలబడతారు, కోపం రావడానికి కూడా టైము ఉండదు. అదే "గేమ్ ఓవర్" తెర, తర్వాత మెనూ, తర్వాత లోడింగ్ ఉంటే ఐదోసారికి విసుగొస్తుంది. మూడోది, మాటలు లేకుండా నేర్పుతోందా? మొదటి గుంట చిన్నదిగా ఉంటుంది, రెండోది పెద్దది, మూడోదాంట్లో ముళ్ళుంటాయి. పేజీల కొద్దీ వివరణ చదివించి "ఇప్పుడు దూకు" అనే ఆటలకి నేను ఓపిక పట్టను.

ఇక బొమ్మ. పాత కాలపు బొమ్మలో చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే గడిలో కుదురుగా ఉంటాయి. పాత్ర పెద్ద చుక్కలతో, తూటా చిన్న చుక్కలతో, కత్తి ఏటవాలుగా తిరిగినప్పుడు చుక్కలు కూడా వంకరగా తిరిగితే, చేసినవాళ్ళకి శ్రద్ధ తక్కువని అనుమానించండి. ఇది చివరి తీర్పు కాదు, గురుతు మాత్రమే. ఆట బాగుంటే క్షమించేయొచ్చు.

9. డౌన్‌లోడ్ చేసేముందు

బ్రౌజర్‌లో నడిచే రూపం ఉంటే ముందు అదే ఆడండి. డాట్ ఈఎక్స్‌ఈ (విండోస్‌లో నడిచే ప్రోగ్రామ్ ఫైలు) దించాల్సి వస్తే చేసినవాళ్ళ పేజీ చూడండి. పాతదేనా, ఇంకేమైనా ఆటలున్నాయా, కింద వ్యాఖ్యల్లో మనుషులు మాట్లాడుతున్నారా? నిన్న తెరిచిన ఖాతా, ఒకే ఆట, వ్యాఖ్యలు మూసేసి ఉంటే ఆగండి. ఫైలుని వైరస్‌టోటల్ సైటులో వేస్తే చాలా యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి చెబుతాయి. విండోస్ నీలం పెట్టె చూపించి హెచ్చరించినంత మాత్రాన వైరస్ అని కాదు. డిజిటల్ సంతకం లేని చిన్న డెవలపర్ల ఫైళ్ళకి అది తరచూ వస్తుంది. అందుకే దాన్ని కళ్ళు మూసుకుని దాటేయకుండా పైన చెప్పినవి చూడాలి. "నా గేమ్ టెస్ట్ చేసిపెట్టు" అని డిస్కార్డ్‌లో (ఆటలాడేవాళ్ళు కబుర్లు చెప్పుకునే యాప్) తెలియనివాళ్ళు పంపే ఫైలుని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తెరవొద్దు. ఖాతాలు దొంగిలించడానికి బాగా వాడే పద్ధతి అది.

బ్రౌజర్‌లో ఆడిన ఆటల ప్రగతి ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది. హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా తుడిచేస్తే ఆట మొదటికొస్తుంది. ఇంట్లో అందరూ వాడే లాప్‌టాప్ అయితే ముందే చెప్పి ఉంచండి.

10. డబ్బు పెట్టాలనిపించినప్పుడు

స్టీమ్‌లో మన దేశానికి రూపాయల్లో ధరలుంటాయి, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ఏడాదిలో మూడుసార్లు నెక్స్ట్ ఫెస్ట్ పేరుతో రాబోయే ఆటల డెమోలు గుట్టలుగా పెడతారు, ఆ వారం ఖాళీ ఉంచుకోండి. అండర్‌టేల్ చేసిన టోబీ ఫాక్స్ తర్వాతి ఆట డెల్టారూన్ మొదటి రెండు అధ్యాయాలు ఇలా ఉచిత డెమోగానే ఆడొచ్చు, గంటల కొద్దీ ఆట. గాగ్ దుకాణంలో బినీత్ ఎ స్టీల్ స్కై లాంటి నిజమైన పాత ఆటలు కొన్ని చట్టబద్ధంగానే ఉచితం. ఎపిక్ స్టోర్ వారం వారం ఉచితంగా ఇచ్చేవాటిలో అప్పుడప్పుడూ మంచి పిక్సెల్ ఆట తగులుతుంది.

ఇచ్‌లో కట్టాలంటే కార్డో పేపాలో కావాలి. కార్డు పనిచేయకపోతే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి, చాలా కార్డులు అలాగే వస్తాయి. పని అయ్యాక మళ్ళీ ఆపేయండి. మీరు ఇచ్చేదాంట్లో ఇచ్‌కి ఎంత వెళ్ళాలో ఆట చేసినవాళ్ళే నిర్ణయించుకుంటారు, మామూలుగా 10 శాతం. మిగతాది ఖర్చులు పోను వాళ్ళకే. ఇవ్వలేకపోతే ఆట పేజీ కింద రెండు వాక్యాలు రాయండి: ఎక్కడ ఇరుక్కున్నారో, ఏది బాగుందో. పదిమంది కూడా ఆడని ఆట చేసినవాళ్ళకి ఆ రెండు వాక్యాలు ఎంత పనికొస్తాయో వాళ్ళ జవాబు చూస్తే తెలుస్తుంది. చాలాసార్లు ఆ జవాబులోనే "ఇది నచ్చితే ఫలానావాళ్ళ ఆట కూడా చూడండి" అని ఇంకో పేరు వస్తుంది.